నవంబరులో తేలే లెక్క: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇంటిపన్ను కథ



నవంబరు 10 మన ఊళ్లో ఎవరికీ గుర్తుండే తేదీ కాదు. కానీ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, 1955 తెరిచి చూస్తే, దిల్‌సుఖ్‌నగర్‌లో షాపు నడుపుకొనేవారికీ, ఎల్బీనగర్‌లో అప్పు చేసి ఫ్లాటు కొనుక్కున్నవారికీ ఆ తేదీతో చాలా పని ఉంది. ఆలోగా కమిషనర్ వచ్చే ఏడాది నగరానికి రాబడి ఎంత, ఖర్చు ఎంత అని అంచనాలు వేసి స్టాండింగ్ కమిటీ ముందు పెట్టాలి. కమిటీ వాటిని పరిశీలించి, కావలసిన మార్పులు చేసి డిసెంబరు 10లోగా ఖరారు చేయాలి. జనవరి 10లోగా అవి సర్వసభ్య సమావేశానికి రావాలి. ఫిబ్రవరి 20లోగా సభ ఆమోదం తెలపాలి. మార్చి 7లోగా కాగితాలు ప్రభుత్వానికి చేరాలి. ఏప్రిల్ 1 నుంచి కొత్త లెక్క మొదలవుతుంది.

మనకు మెలకువ వచ్చేది మాత్రం మార్చి ఆఖరి వారంలో. బకాయిలు కట్టమని ఫోనుకు మెసేజులు వస్తాయి, బిల్ కలెక్టర్ గేటు దగ్గర నిలబడతాడు, సర్కిల్ ఆఫీసులోని పౌరసేవా కేంద్రంలో రాత్రి దాకా కౌంటర్లు తెరిచి ఉంటాయి. కొంచెం ముందుచూపు ఉన్నవాళ్లు ఆగి, ఏప్రిల్ 30లోగా ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కట్టి 5 శాతం రాయితీ తీసుకుంటారు. ఎప్పుడు కట్టినా అప్పటికి అన్నీ నిర్ణయమైపోయి ఉంటాయి. ఎంత వసూలు చేయాలో, ఆ డబ్బు ఏ నాలాకు వెళ్లాలో, ఏ కాలనీ రోడ్డు ఇంకో ఏడాది ఆగాలో, అన్నీ.

నవంబరుకూ మార్చికీ మధ్య జరిగే ఆ పని గురించే ఈ ప్రసంగం. ఖర్చు మాట ఒకచోట, పన్ను రేటు మాట ఇంకొకచోట తేలడం మన నగరానికి అలవాటైపోయింది. ఎన్నికైన సభ ఖర్చుల గురించి వాదించుకుంటుంది. రేటు మాత్రం ఆ సభ గడప తొక్కకుండానే పెరుగుతుంది, తగ్గుతుంది, లేదా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. దీనివల్ల నష్టపోయేది ఎవరో అంకెలతో చూద్దాం.

కొత్తపేటలో వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు ఒకటి తీసుకుందాం. ఆస్తి పన్ను లెక్కకు మూలం అద్దె. అంటే మీరు నిజంగా తీసుకునే అద్దె కాదు. ఫలానా ప్రాంతంలో ఫలానా రకం కట్టడానికి చదరపు అడుగుకు నెలకు ఇంత అని కార్పొరేషన్ ముందే ప్రకటించిన విలువ. అది రూపాయి 20 పైసలు అనుకుందాం. వెయ్యి అడుగులకు నెలకు 1,200 రూపాయలు, ఏడాదికి 14,400. దాని మీద 30 శాతం పన్ను వేస్తే 4,320. ఇంటి మరమ్మతుల కింద 10 శాతం తీసేస్తే 3,888. దానికి గ్రంథాలయ పన్ను 8 శాతం కలిపితే 4,199 రూపాయలు. డిమాండు నోటీసులో కనిపించేది ఈ అంకె.

ఇప్పుడు అదే ఫ్లాటును అద్దెకు ఇస్తామని బోర్డు పెట్టి చూడండి. మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే నెలకు పదిహేను వేలు అడిగినా ఎవరూ ఆశ్చర్యపోరు. లెక్కల పుస్తకంలో 1,200, బజారులో 15,000. ఈ తేడా ఎందుకు వచ్చిందంటే, ఇళ్ల అద్దె విలువలను చివరిసారి సవరించింది 2002లో. దుకాణాలు, ఆఫీసుల వంటి వాణిజ్య కట్టడాలవి 2007లో. ఆ తర్వాత ఈ ప్రాంతం రూపురేఖలే మారిపోయాయి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది, స్థలాల ధరలు ఎక్కడికో వెళ్లాయి. పుస్తకంలోని అద్దె విలువ మాత్రం ఉన్నచోటే ఉంది.

రేటు పెరగకపోతే మనకు మంచిదే కదా అనిపిస్తుంది. అక్కడే ఒక చిక్కుంది. ఇళ్ల మీద పన్ను శాతం అందరికీ ఒకటి కాదు. ఇంటి నెలవారీ అద్దె విలువ 50 రూపాయలలోపు ఉంటే పన్ను లేదు. 51 నుంచి 100 దాకా 17 శాతం, 101 నుంచి 200 దాకా 19 శాతం, 201 నుంచి 300 దాకా 22 శాతం. 300 దాటితే 30 శాతం. గుడిసెవాసికి తక్కువ, మేడ ఉన్నవాడికి ఎక్కువ పడాలన్న మంచి ఉద్దేశంతో చేసిన పట్టిక ఇది. నెలకు 300 రూపాయల అద్దె అంటే పెద్ద ఇల్లు అనుకునే రోజుల్లో అది న్యాయంగానే పనిచేసి ఉంటుంది. ఈ రోజు మన లెక్క ప్రకారం 250 చదరపు అడుగుల గది కూడా సరిగ్గా 300 దగ్గరకు వచ్చేస్తుంది. ఒక గదీ వంటిల్లూ ఉన్న ఇల్లు, నాలుగంతస్తుల బంగళా రెండూ అదే 30 శాతం మెట్టు మీద నిలబడ్డాయి. పేదవాడికి వెసులుబాటు ఇవ్వడానికి కట్టిన మెట్లన్నీ కింద పూడుకుపోయి, పై మెట్టు ఒక్కటే మిగిలింది. రేటును ముట్టుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే. దాని బరువు చిన్న ఇళ్ల మీదే ఎక్కువ పడుతుంది.

ఆ 30 శాతంలో ఏమేం ఉన్నాయో కూడా చెప్పుకోవాలి. 15 శాతం సాధారణ పన్ను, 9 శాతం పారిశుద్ధ్యానికి, 3 శాతం వీధి దీపాలకు, 3 శాతం మురుగునీటి పారుదలకు. తాగునీరు ఇందులో లేదు, దాన్ని 1989లో ఏర్పడిన జలమండలి వేరుగా చూసుకుంటోంది. అంటే వీధిలో చెత్త తీయలేదని, దీపం వెలగలేదని అడిగే హక్కు మన డిమాండు నోటీసులోనే శాతాలతో సహా రాసి ఉంది.

గ్రంథాలయ పన్ను గురించి కూడా ఒక మాట. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే ఆ సొమ్ము కార్పొరేషన్‌ది కాదు, గ్రంథాలయ సంస్థలది. కార్పొరేషన్ వసూలు చేసి వాళ్లకు అందించాలి. ఆ అందించడంలో ఏళ్ల తరబడి బకాయిలు పడుతున్నాయి. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివే పిల్లలు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ, పొద్దున్నే చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి కుర్చీ కోసం వరసలో నిలబడతారు. వాళ్లకు ఫ్యానూ, పుస్తకమూ, కూర్చునే చోటూ ఇవ్వాల్సిన డబ్బు మనం పన్నుతోపాటు ముందే కట్టేశాం. దాన్ని మధ్యలో ఆపడం నాకు ఏ రకంగానూ సమంజసంగా కనిపించదు. బడ్జెట్ పుస్తకంలో నేను మొదట వెతికే పద్దు అదే.

ఇక దుకాణాల సంగతి. వాణిజ్య కట్టడాలకు సూత్రం చాలా సులువు: విస్తీర్ణాన్ని నెలవారీ అద్దె విలువతో గుణించి, దాన్ని మూడున్నరతో గుణించాలి. ఈ మూడున్నర ఎక్కడి నుంచి వచ్చిందో చాలామంది వ్యాపారులకు తెలియదు. పన్నెండు నెలల అద్దెలో 30 శాతం అంటే 3.6 నెలల అద్దె. మరమ్మతుల కింద పదో వంతు తీస్తే 3.24. దానికి గ్రంథాలయ పన్ను 8 శాతం కలిపితే 3.4992. అదే మూడున్నర. ఏడాదికి మూడున్నర నెలల అద్దె, అదీ పుస్తకంలోని అద్దె. మెయిన్ రోడ్డు మీద 300 చదరపు అడుగుల మడిగెకు అడుగుకు 20 రూపాయలు విలువ కట్టారనుకుంటే ఏడాది పన్ను 21,000. పైన చెప్పుకున్న వెయ్యి అడుగుల ఫ్లాటుకు అయిదింతలు. మెయిన్ రోడ్డు వ్యాపారి ఇది మోస్తూనే ట్రేడ్ లైసెన్స్ రుసుము కూడా కడతాడు. అది మళ్లీ దుకాణం ముందున్న రోడ్డు వెడల్పును బట్టి మారుతుంది.

ఇల్లు, దుకాణం మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు, ఏది ఇల్లు, ఏది దుకాణం అన్న ప్రశ్న మీదే డబ్బంతా తిరుగుతుంది. చైతన్యపురి, కమలానగర్ గల్లీల్లోకి వెళ్లండి. కింద టిఫిన్ సెంటరో జిరాక్స్ షాపో ఉంటుంది. పైన రెండు మూడు అంతస్తుల్లో హాస్టల్, గదికి నాలుగేసి ఇనుప మంచాలు, మెట్ల పక్కన చెప్పుల వరస, గేటుకు ఖాళీలు ఉన్నాయన్న బోర్డు. అన్నిటికన్నా పైన ఇంటివాళ్లు. బజారుకు అది వ్యాపార భవనం. రికార్డుల్లో మొత్తం ఇల్లుగా నమోదై ఉంటే ఇంటి పన్నే పడుతుంది. పక్కనే నిజాయితీగా వాణిజ్యమని రాయించుకున్నవాడు ఎన్నో రెట్లు కడతాడు. 2024లో కార్పొరేషన్ డ్రోన్లతోనూ, ఇంటింటికీ తిరిగీ భవనాలను కొలిచే జీఐఎస్ సర్వే మొదలుపెట్టిందంటే ఇలాంటి తేడాలను పట్టుకోవడానికే. సర్వే అవసరమే, దాన్ని నేను సమర్థిస్తాను. కానీ రేటు పాతదే ఉంచి, కొలతలు మాత్రం కొత్తగా తీసుకుంటే, అది సభలో చెప్పకుండా పన్ను పెంచడమే అవుతుంది. పెంచాలనుకున్నప్పుడు పెంచుతున్నామని చెప్పి, ఎందుకో చెప్పి పెంచాలి.

పన్ను రేట్లు మారిన సంవత్సరాలను ఒక వరసలో పెట్టి చూస్తే నాకు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. హైదరాబాద్ నగరపాలక సంస్థకు 1986లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకమండలి 1991లో దిగిపోయింది. మళ్లీ 2002 దాకా ఎన్నికల్లేవు. ఎవరి ఇంటి కొలతలు వాళ్లే రాసి, ఎవరి పన్ను వాళ్లే లెక్కగట్టి ఇచ్చే స్వీయ మదింపు పద్ధతి వచ్చింది 1999లో. అంటే ఎన్నికైన సభ లేని కాలంలో. ఆ పద్ధతి మంచిదే, వసూళ్లు పెరిగాయి, బిల్ కలెక్టర్ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడే పరిస్థితి తగ్గింది. ఇక 2007. ఏప్రిల్ 16న పాత నగరపాలక సంస్థలో 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. మన ఎల్బీనగర్, గడ్డిఅన్నారం అంతవరకూ వేర్వేరు మున్సిపాలిటీలు, ఆ రోజుతో నగరంలో భాగమయ్యాయి. కొత్త గ్రేటర్‌కు ఎన్నికలు జరిగింది 2009 నవంబరులో. వాణిజ్య రేట్లు చివరిగా మారిన 2007, ఆ గ్రేటర్‌కు ఇంకా ఎన్నికైన సభ లేని సంవత్సరం.

తర్వాత 2016. మొదటి గ్రేటర్ సభ గడువు 2014 చివర్లో ముగిసింది, ప్రత్యేకాధికారి పాలన నడుస్తోంది. ఫిబ్రవరిలో ఎన్నికలనగా, ఏడాదికి 1,200 రూపాయల దాకా ఇంటిపన్ను కట్టేవాళ్లు ఇకనుంచి 101 రూపాయలు కడితే చాలని ప్రభుత్వం నిర్ణయించింది. లక్షల చిన్న ఇళ్లకు ఊరట దొరికింది. పైన చెప్పిన మెట్లు పూడుకుపోయిన అన్యాయానికి ఇది కొంత మందు కూడా. అయితే 1,200 కట్టే ఇంటికి 101, 1,201 కట్టే ఇంటికి 1,201. ఒక్క రూపాయి తేడాతో గోడకు అవతల ఒక న్యాయం, ఇవతల ఒక న్యాయం. పాత పట్టికనే సవరించి ఉంటే ఈ గోడ వచ్చేది కాదు.

2020 నవంబరులో ఇంకోటి. దీపావళి రోజున, గ్రేటర్ పోలింగుకు రెండు వారాలు ఉందనగా, 15,000 రూపాయల దాకా పన్ను కట్టే ఇళ్లకు ఆ ఏడాది సగం మాఫీ చేస్తున్నట్టు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. నగరంలో పదమూడు లక్షలకు పైగా కుటుంబాలకు ఇది వర్తించింది. కోవిడ్ దెబ్బ తిన్న సంవత్సరం, అక్టోబరు వరదలకు సరూర్‌నగర్, లింగోజిగూడ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానిన సంవత్సరం. ఊరట అవసరం కాదని ఎవరంటారు? కానీ ఆ ఏడాది బడ్జెట్ అప్పటికే ఆమోదం పొంది అమల్లో ఉంది. రాబడి వైపు ఇంత పెద్ద కోత పడుతున్నప్పుడు ఖర్చు వైపు ఏది ఆపాలో సభ కూర్చుని తేల్చాలి. అది జరగకపోతే కోత ఎవరి కాలనీలో పడుతుందో ఎవరికీ తెలియదు. ఎవరి గొంతు వినపడదో వాళ్ల కాలనీలో పడుతుంది.

వడ్డీ మాఫీ కూడా ఇదే కోవలోకి వస్తుంది. గడువు దాటితే పన్ను మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. బకాయిలు పేరుకుపోయాక, ఒక్కసారి అసలు కట్టేస్తే వడ్డీలో 90 శాతం మాఫీ అని పథకం పెడతారు. 2020లో పెట్టారు, 2022లో పెట్టారు, 2025 మార్చిలోనూ పెట్టారు. 2024–25లో ఆస్తి పన్ను వసూళ్లు 2,000 కోట్లు దాటాయంటే అందులో ఈ మాఫీ పాత్ర ఉంది. కానీ ప్రతి ఏప్రిల్‌లో క్రమం తప్పకుండా కట్టే వనస్థలిపురం పింఛనుదారుకు 5 శాతం రాయితీ, ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవాడికి వడ్డీలో 90 శాతం రాయితీ అయితే, క్రమశిక్షణకు విలువ ఎక్కడుంది?

మరి రేటు గురించి మాట్లాడని సభ దేని గురించి మాట్లాడుతుంది? 2025 జనవరి 30న 8,440 కోట్ల బడ్జెట్ సభ ముందుకు వచ్చింది. ఆ రోజు నినాదాలు, కాగితాలు చించడం, సభ్యులను బయటికి పంపడం, ఆ గందరగోళం మధ్యనే ఆమోదం. కోటి మందికి సంబంధించిన లెక్క పద్దులవారీగా చర్చ లేకుండానే గట్టెక్కింది. ఏ పార్టీదన్నది నాకు ముఖ్యం కాదు, అన్ని పార్టీలవాళ్లూ ఓటేసిన మనకు బాకీ పడ్డారు. ప్రతి కార్పొరేటర్ తన డివిజన్‌లో ఫలానా రోడ్డు కావాలని అడుగుతాడు, అడగాలి కూడా. ఆ రోడ్డుకు డబ్బు ఎక్కడి నుంచి అని తనే అడిగే కార్పొరేటర్ కావాలి.

ఎందుకంటే డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. ఆస్తి పన్ను వసూళ్లు బడ్జెట్‌లో దాదాపు నాలుగో వంతు. మిగతాది భవన నిర్మాణ అనుమతుల రుసుములు, రిజిస్ట్రేషన్ల సుంకంలో వాటా, ప్రభుత్వ గ్రాంట్లు, అప్పులు. ఇవన్నీ మన చేతిలో ఉండేవి కావు. రియల్ ఎస్టేట్ మందగిస్తే అనుమతుల రుసుము పడిపోతుంది. గ్రాంటు ఎప్పుడొస్తుందో పైవాళ్ల దయ. పదిహేనో ఆర్థిక సంఘం కూడా, ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించి, రాష్ట్ర ఆర్థిక వృద్ధితోపాటు వసూళ్లు పెంచుకున్న పట్టణాలకే గ్రాంట్లు అని షరతు పెట్టింది.

అప్పు సంగతి ఎల్బీనగర్ వాళ్లకు కళ్లెదుటే ఉంది. నగర రోడ్ల అభివృద్ధి పథకమైన ఎస్ఆర్‌డీపీ కింద 2018లో చింతలకుంట అండర్‌పాస్, కామినేని ఫ్లైఓవర్ వచ్చాయి. 2019లో ఎల్బీనగర్ కూడలిలో ఒక ఫ్లైఓవర్, 2023లో రెండోది, మధ్యలో అండర్‌పాసులు, బైరామల్‌గూడలో వరసగా ఒకదాని మీద ఒకటిగా వంతెనలు, చివరిది 2024 మార్చిలో. విజయవాడ వైపు నుంచి వచ్చే బస్సు ఎల్బీనగర్ సిగ్నల్‌లో ఎంతసేపు ఆగేదో గుర్తున్నవాళ్లకు వీటి విలువ వేరే చెప్పక్కర్లేదు. ఈ పనుల కోసం కార్పొరేషన్ బ్యాంకు రుణాలతోపాటు బాండ్లు కూడా అమ్మింది. 2018 ఫిబ్రవరిలో 200 కోట్లు, 8.90 శాతం వడ్డీకి. అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లు, 9.38 శాతానికి. 2019 ఆగస్టులో 100 కోట్లు, 10.23 శాతానికి. అంతకుముందు 2017లో పుణె నగరానికి 200 కోట్లు 7.59 శాతానికే దొరికాయి. ఒక్క మొదటి విడతకే ఏడాదికి 17 కోట్ల 80 లక్షల వడ్డీ. దానికి సంతకం పెట్టిన రోజున, రేపు దీన్ని ఏ పన్నుతో తీరుస్తామన్న ప్రశ్న కూడా అదే బల్ల మీద ఉండాలి. లేకపోతే వడ్డీ కట్టగా మిగిలిన దానితోనే నాలా పూడిక తీయాలి, దోమల మందు కొట్టాలి, గల్లీ రోడ్డు వేయాలి.

నాలా అంటే సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలకు ప్రాణసంకటం. 2020 వరదల తర్వాత నాలాల అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమం పెట్టి, దాదాపు వెయ్యి కోట్లతో మొదటి దశ పనులు చేపట్టారు. చెరువు నుంచి మూసీ దాకా నీళ్లు పోయే దారి విప్పడం అందులో ఒకటి. ఇలాంటి పని ఒక వర్షాకాలంలో అయ్యేది కాదు, ఏటా డబ్బు రావాలి. ఏటా కచ్చితంగా వచ్చే డబ్బు నగరానికి ఒక్కటే ఉంది: ఆస్తి పన్ను.

రేటు కదలకపోవడానికి పూర్తి వ్యతిరేకమైన దారి పక్క రాష్ట్రంలో ఉంది. ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేయడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా భారం పడకుండా ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని హద్దు పెట్టారు. 375 చదరపు అడుగులలోపు సొంత ఇంట్లో ఉండేవారికి ఏడాదికి 50 రూపాయలే. విజయవాడ, విశాఖ వాసులకు మాత్రం ఆ 15 శాతం హద్దులా కాక, ఏటా వచ్చే పెంపులా అనుభవమైంది, నిరసనలు జరిగాయి. ఇక్కడ ఇరవై ఏళ్లకు పైగా కదలని రేటు, అక్కడ ఏటా కదిలే రేటు. ఈ రెండిటి మధ్య, మూడు నాలుగేళ్లకోసారి సభలో చర్చించి, మెల్లగా సవరించే దారి ఒకటుంది. దాన్ని మనం ఇంకా తొక్కలేదు.

అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల ఊళ్లలో మన పిల్లలు చాలామంది ఇళ్లు కొనుక్కున్నారు. ఖర్చూ పన్ను రేటూ ఒకేచోట ఎలా తేలతాయో వాళ్లను అడగండి. అక్కడ ముందు ఊరి బడ్జెట్ తేలుతుంది: బడికి ఇంత, ఫైరింజనుకు ఇంత, రోడ్లకు ఇంత. వేరే రాబడులు పోగా ఇళ్ల మీద వేయవలసింది ఎంతో తేల్చి, ఊళ్లోని ఆస్తులన్నిటి విలువతో దాన్ని భాగిస్తే ఆ ఏటి రేటు వస్తుంది. మసాచుసెట్స్‌లో 1980 నుంచి ఇంకో కట్టుబాటు ఉంది. మొత్తం పన్నును, కొత్త కట్టడాల మీద వచ్చేది కాక, ఏడాదికి రెండున్నర శాతానికి మించి పెంచాలంటే ఊరివాళ్ల ఓటు కావాలి. కొత్త బడి భవనం కావాలా, అయితే పన్ను ఇంత పెరుగుతుంది, ఒప్పుకుంటారా అని కాగితం మీద అడుగుతారు. ఒప్పుకున్న ఊళ్లున్నాయి, కాదన్న ఊళ్లున్నాయి. మన చట్టంలోనూ దీనికి మూలం లేకపోలేదు. బడ్జెట్ అంచనాలతోపాటు పన్నుల ప్రతిపాదనలు కూడా స్టాండింగ్ కమిటీ చేతుల మీదుగానే రావాలన్నది ఆ చట్టం ఆలోచన. వాడకంలో పోయిందంతే.

ఇప్పుడు ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నగరం సరిహద్దులు మళ్లీ మారాయి. 2025 డిసెంబరులో ఔటర్ రింగు రోడ్డు లోపలా, దాని అంచునా ఉన్న 27 పట్టణ స్థానిక సంస్థలను కలిపేశారు. ఎల్బీనగర్ దాటితే వచ్చే పెద్దఅంబర్‌పేట, తుర్కయాంజాల్, బడంగ్‌పేట, మీర్‌పేట అన్నీ అందులో ఉన్నాయి. వార్డులు 150 నుంచి 300 అయ్యాయి. 2007లో గడ్డిఅన్నారం వాళ్లు అడిగిన ప్రశ్నే ఇప్పుడు మీర్‌పేట వాళ్లు అడుగుతున్నారు: మా రేటు పాతదేనా, నగరం రేటా? నగరం రేటు కడితే నగరం రోడ్డు వస్తుందా? 2021లో కొలువుదీరిన సభ గడువు 2026 ఫిబ్రవరి 10తో ముగిసింది. ఎన్నికైన సభ లేనప్పుడు దాని అధికారాలన్నీ ప్రభుత్వం నియమించే ప్రత్యేకాధికారి చేతిలో ఉంటాయి. 1999, 2007, 2016 సంవత్సరాలను మరొక్కసారి గుర్తు చేసుకోండి. పన్నుల్లో ఆ మార్పులు జరిగింది ఇలాంటి కాలాల్లోనే. కార్పొరేషన్ ఒకటుండనీ, రెండు మూడుండనీ, పేరు ఏదైనా కానీ, నవంబరు నుంచి మార్చి దాకా సాగే ఆ వరస తప్పదు.

కాబట్టి కాలనీ సంక్షేమ సంఘాల పెద్దలకు నా విన్నపం ఒకటుంది. వినతిపత్రం మీరు ఎలాగూ ఇస్తారు, కానీ ఎక్కువసార్లు అది వాన పడ్డాక, రోడ్డు కొట్టుకుపోయాక ఇస్తారు. అక్టోబరులో ఇవ్వండి, అంచనాలు కాగితం మీదికి ఎక్కకముందే. వార్డు ఆఫీసులో ఇంజినీరును అడిగి, మన డివిజన్ పనుల్లో ఏవి అంచనాల్లోకి వెళ్తున్నాయో రాసుకోండి. పోయిన ఏడాది మంజూరైన వాటిలో ఎన్ని పూర్తయ్యాయో పక్కన రాయండి. మన సర్కిల్లో ఆస్తి పన్ను ఎంత వసూలైంది, మన సర్కిల్‌కు ఎంత ఖర్చు పెట్టారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ప్రభుత్వ కార్యాలయాల మీద ఉన్న పన్ను బకాయి ఎంతో అదే దరఖాస్తులో అడగండి. సామాన్యుడి గేటుకు నోటీసు అంటించే కార్పొరేషన్, ఆఫీసు గేటు దగ్గరా అంతే గట్టిగా ఉండాలి. సర్వే తర్వాత మీ ఇంటికి ప్రత్యేక నోటీసు వస్తే పక్కన పడేయకండి. కొలత తప్పనిపిస్తే గడువులోగా రివిజన్ పిటిషన్ వేయండి, టేపు పట్టి మీరే కొలిచి కాగితం జతచేయండి. అద్దెకు ఉండేవాళ్లు కూడా ఇది మాకు సంబంధం లేని విషయం అనుకోవద్దు. హాస్టల్ ఫీజులోనూ, ఇంటి అద్దెలోనూ ఆ పన్ను కలిసే ఉంది.

ఎన్నికల వేళ ఇంటింటికీ వచ్చే అభ్యర్థులు రోడ్డు వేయిస్తామంటారు, పన్ను తగ్గిస్తామంటారు. ఇళ్లకు 2002 నాటి పట్టికను, దుకాణాలకు 2007 నాటి రేట్లను ఏం చేస్తారో అడగండి. 300 రూపాయల మెట్టును ఎక్కడ పెడతారో, ఎప్పటిలోగా పెడతారో, ఏ సభలో ఆ మాట ఎత్తుతారో తేదీతో సహా చెప్పమనండి.